‘గెట్ స్మార్ట్’లో అంతగా నవ్వొచ్చేది ఏముంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఇంటర్ చదివే మీ అబ్బాయి 1965లో మొదలైన అమెరికన్ టీవీ సిరీస్ ‘గెట్ స్మార్ట్’ పెట్టుకుని పడీపడీ నవ్వుతున్నాడు. మీరూ పక్కన కూర్చుని రెండు ఎపిసోడ్లు చూశారు. బూటులో ఫోను, మొద్దు గూఢచారి, వెనక నుంచి రికార్డు చేసిన నవ్వులు. అందులో ఏముందో మీకు అంతుపట్టలేదు. “ఇది జేమ్స్ బాండ్‌ని వెక్కిరించడమే కదా, అరవై ఏళ్ల తర్వాత కూడా ఎలా నడుస్తోంది? నాకు నచ్చాలంటే ఎక్కణ్నుంచి చూడాలి?” అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ సిరీస్ బతికింది బాండ్‌ని వెక్కిరించినందుకు కాదు, అందులో హీరో అయిన గూఢచారి మాక్స్‌వెల్ స్మార్ట్‌కి తన మీద తనకున్న గట్టి నమ్మకం వల్ల. అతను తెలివితక్కువవాడని అతనికి తప్ప అందరికీ తెలుసు. కానీ అతన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. ఈ రెండూ కలిసిన చోటే నవ్వు పుడుతుంది. వెక్కిరింతగా మాత్రమే చూస్తే రెండో ఎపిసోడ్‌కే విసుగొస్తుంది, మీకు జరిగింది అదేననుకుంటాను.

నేను చాలా ఏళ్లుగా తెలుగు టీవీ కామెడీ సీరియల్స్‌కి స్క్రిప్టు, డైలాగులు రాస్తున్నాను. కొత్తగా వచ్చే రైటర్లకి సీన్ ఎలా కట్టాలో చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ సిరీస్‌నే ముందు పెడతాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు అప్పటి సంగతి. 1962లో మొదటి బాండ్ సినిమా వచ్చింది. రెండు మూడేళ్లలో గూఢచారి అన్న మాటకే ప్రపంచమంతా గిరాకీ పెరిగింది. ఆ గాలి మన దాకా కూడా వచ్చింది. 1966లో కృష్ణ గారి ‘గూఢచారి 116’ వచ్చింది ఆ ఊపులోనే. అమెరికాలో డేనియల్ మెల్నిక్ అనే నిర్మాత, బాండ్ కథల్లో ఒక పప్పుసుద్దని పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనతో మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ అనే కామెడీ రచయితలతో పైలట్, అంటే నమూనాగా తీసే మొదటి ఎపిసోడ్, స్క్రిప్టు రాయించాడు. ముందు ఏబీసీ ఛానల్‌కి ఇచ్చారు. అది అమెరికా వ్యతిరేక ధోరణిలో ఉందని వాళ్లకి నచ్చలేదు. పైగా మాక్స్‌కి ఇంట్లో ఒక అమ్మ ఉండాలి, జరిగినవన్నీ ఆవిడకి వచ్చి చెప్పాలి అన్నారు. బ్రూక్స్ ఒప్పుకోలేదు. చివరికి ఎన్‌బీసీ తీసుకుంది. 1965 సెప్టెంబర్ 18న మొదటి ఎపిసోడ్ వచ్చింది, అదొక్కటే బ్లాక్ అండ్ వైట్. 1970 దాకా ఐదు సీజన్లు, మొత్తం 138 ఎపిసోడ్లు. ఆఖరి సీజన్ మాత్రం సీబీఎస్‌లో వచ్చింది.

ఆ అమ్మ పాత్ర వద్దన్నారే, అక్కడే సగం గెలిచారు. నా పనిలో ఇలాంటి సలహా తరచూ ఎదురవుతుంది. “జోకు ప్రేక్షకుడికి అర్థం కాదేమో, పక్కన ఒకరు అడిగితే హీరో వివరిస్తాడు, బాగుంటుంది” అంటారు. వివరించే మనిషి సీన్‌లోకి రాగానే మూర్ఖుడు సంజాయిషీ చెప్పుకునేవాడిగా మారతాడు. మాక్స్ ఎప్పుడూ సంజాయిషీ చెప్పడు, ధీమాగా ప్రకటిస్తాడు. ప్రకటించింది తప్పైతే వెంటనే ఇంకో ప్రకటన చేస్తాడు.

దీనికి పైలట్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. మాక్స్ శత్రువుల చేతికి చిక్కి పడవలో ఉంటాడు. చుట్టూ తుపాకులు. అయినా గొంతు తగ్గించడు. ఈ క్షణంలో ఏడు కోస్ట్ గార్డ్ పడవలు మనల్ని చుట్టుముడుతున్నాయి, నమ్ముతారా అంటాడు. విలన్ నమ్మనంటాడు. సరే, ఆరు? అదీ నమ్మడు. చివరికి తెడ్డు పడవలో ఇద్దరు పోలీసుల దగ్గరికి దిగుతాడు. కూరగాయల బండి దగ్గర బేరం లాగా అబద్ధం మెట్టు మెట్టుగా దిగుతుంది. ఇక్కడ గమనించాల్సింది మాక్స్‌గా చేసిన డాన్ ఆడమ్స్ ముఖం. అంకె తగ్గుతున్నా ముఖంలో బింకం తగ్గదు. ఏడు పడవలన్నప్పుడు ఎంత బల్లగుద్ది చెప్పాడో ఇద్దరు పోలీసులన్నప్పుడూ అంతే. అదే వరస మళ్లీ మళ్లీ వస్తుంది. రాబోతోందని తెలిసినా నవ్వొస్తుంది, ఎందుకంటే ఈసారి ఎంత కిందికి దిగుతాడో చూడాలని మనమే ఎదురుచూస్తాం.

ఈ సిరీస్‌కి ముందు ఆడమ్స్ స్టేజి కమెడియన్. ‘బిల్ డానా షో’లో హోటల్ డిటెక్టివ్ పాత్ర వేశాడు, ఆ గొంతు, ఆ వరస అప్పటివే. అంతకు ముందు రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ మెరైన్స్‌లో పనిచేశాడు. పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవిలో ప్రాణాంతకమైన బ్లాక్‌వాటర్ జ్వరం వచ్చి బతికి బయటపడ్డాడు, తర్వాత కొత్త సైనికులకి డ్రిల్ నేర్పించాడు. మాక్స్ నడకలో, నిలబడే తీరులో నాకు ఆ డ్రిల్లే కనిపిస్తుంది. టైటిల్స్ చూడండి. ఎర్ర కారు దిగుతాడు, పొడవాటి నడవాలో వరసగా తలుపులు తెరుచుకుంటుంటే నిటారుగా నడుస్తాడు, ఫోన్ బూత్‌లోకి వెళ్లి నంబర్ తిప్పగానే కిందికి జారిపోతాడు. ఎపిసోడ్ అయ్యాక అదే దారిలో తిరిగొస్తుంటే తలుపులో ముక్కు ఇరుక్కుంటుంది. ఒక్క మాట లేకుండా పాత్ర మొత్తం చెప్పేశారు. ఇదే నటనకి ఆడమ్స్‌కి 1967, 1968, 1969 వరసగా మూడు ఎమ్మీలు, అంటే అమెరికన్ టీవీ అవార్డులు, వచ్చాయి. వెర్రి వేషాలకి మూడుసార్లు ఇవ్వరు కదండీ.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సీన్ దగ్గరికొస్తాను. ‘కోన్ ఆఫ్ సైలెన్స్’. రహస్యం మాట్లాడుకోవడానికి మాక్స్ పై అధికారి చీఫ్ ఆఫీసులో సీలింగ్ నుంచి దిగే ఒక పరికరం. రెండు ప్లాస్టిక్ బుడగలు, మధ్యలో గొట్టం. చీఫ్ తల ఒక దాంట్లో, మాక్స్ తల ఒక దాంట్లో. దిగగానే ఒకరి మాట ఒకరికి వినపడదు. అరుస్తారు, సైగలు చేస్తారు. కొన్నిసార్లు బయట నిలబడ్డవాళ్లకి మాత్రం అంతా వినపడుతుంది! సామాను పనిచేయకపోవడం మామూలు జోకే, ఎవరైనా రాస్తారు. దీన్ని పైకి లేపింది అది వాడే ముందు జరిగే తంతు. చీఫ్‌కి అది పనిచేయదని తెలుసు, వద్దంటాడు. మాక్స్ మాత్రం, రూల్స్ ప్రకారం రహస్యం మాట్లాడాలంటే అది దించాల్సిందేనని పట్టుబడతాడు. చీఫ్ ముఖంలో నీరసం, ఆ తర్వాత బటన్ నొక్కే చెయ్యి. మనలో ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఆ నీరసం తెలుసు. పనికిరాని సిస్టమ్ పనికిరాదని అందరికీ తెలిసినా సర్క్యులర్ ఉంది కాబట్టి వాడాలి.

అంటే ఇది గూఢచారుల కథ కాదు, ఆఫీసు కథ. కంట్రోల్ అనే ఆ సంస్థలో సీక్రెట్ ఏజెంట్లు కూడా ఉద్యోగులే. ఖర్చుల లెక్క రాయాలి, పై అధికారికి జవాబు చెప్పాలి. ఏజెంట్ 13ని తపాలా పెట్టెలోనో, వాషింగ్ మెషీన్‌లోనో, లాకర్‌లోనో కూర్చోబెడతారు. రహస్యం చెప్పే ముందు ఆయన తన కష్టాలు ఏకరువు పెడతాడు, అందులో ఎంత ఉక్కగా ఉందో, తనకే ఎప్పుడూ ఇలాంటి డ్యూటీ ఎందుకు పడుతుందో. శత్రు సంస్థ కేయాస్ కూడా అలాంటిదే. ప్రపంచాన్ని నాశనం చేయాలన్న పట్టుదలతో ఉన్న ఆ ముఠా పన్నుల సౌకర్యం కోసం డెలావేర్ రాష్ట్రంలో కంపెనీగా రిజిస్టరై ఉంటుంది. రెండో సీజన్‌లో వచ్చే కేయాస్ మనిషి జీగ్‌ఫ్రీడ్, మాక్స్ ఎదురుపడితే ఒకే రంగంలో ఉన్న ఇద్దరు ఉద్యోగుల్లా కబుర్లు చెప్పుకోగలరు, మరుక్షణం కొట్టుకోగలరు. బెర్నీ కొపెల్ ఆ పాత్రని ఎంత గంభీరంగా చేశాడంటే, అతను తన అనుచరుణ్ని గదమాయిస్తుంటే మనమూ ఉలిక్కిపడతాం.

బయట ప్రపంచం మాత్రం సీరియస్‌గానే ఉంది ఆ రోజుల్లో. 1962లో క్యూబా మిసైళ్ల గొడవతో అమెరికా, సోవియట్ యూనియన్ అణుయుద్ధం అంచుదాకా వెళ్లొచ్చాయి. జనం భయపడిన ఆ వ్యవస్థ లోపల మనలాంటి మామూలు మనుషులే, పాడైపోయే సామానుతో తంటాలు పడుతున్నారని ఈ సిరీస్ చెప్పింది. ఇది మరీ అతిశయోక్తి కూడా కాదు. అదే కాలంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పిల్లి ఒంట్లో మైకు, ట్రాన్స్‌మిటర్ అమర్చి మాటలు వినే ప్రాజెక్టు నడిపింది. పనికిరాదని 1967లో వదిలేసింది. ఆ కాగితాలు 2001లో బయటికొచ్చాయి. బ్రూక్స్, హెన్రీలు బూటులో ఫోను పెట్టినప్పుడు అవతల నిజంగా పిల్లిలో మైకు పెడుతున్నారు!

బూటు ఫోను గురించి ఒక మాట. మొదటి ఎపిసోడ్‌లో సంగీత కచేరీ మధ్యలో మాక్స్ బూటు మోగుతుంది. హాల్లో అందరూ అతని వైపు తిరిగి చూస్తారు. అతను హుందాగా లేచి బయటికి నడుస్తాడు. 1965లో అది జరగని పని కాబట్టి నవ్వారు. ఇప్పుడు ప్రతి పెళ్లిలో, ప్రతి సభలో జరుగుతున్నదే కాబట్టి మీ అబ్బాయి నవ్వుతున్నాడు. వస్తువు మారింది, నలుగురి మధ్య ఫోను మోగిన మనిషి ఇబ్బంది మారలేదు. పరువు కాపాడుకోవాలనే తాపత్రయం మీద కట్టిన జోకు పాతబడదు. అప్పటి రాజకీయ నాయకుల మీద, అప్పటి సినిమాల మీద వేసిన జోకులు ఇందులోనూ ఉన్నాయి, అవి ఈరోజు చప్పగానే పోతాయి. మీరు చూసిన రెండింటిలో ఏది ఎక్కువ పడిందో నాకు తెలియదు గానీ, తేడా అంతా అక్కడే ఉంటుంది.

ఇక రెండో సగం. మాక్స్‌ని ఎవరూ చిన్నచూపు చూడరని మొదట్లో అన్నాను కదా. మాక్స్‌తో కలిసి పనిచేసే ఏజెంట్ 99ని చూడండి, బార్బరా ఫెల్డన్ చేసింది. అతనికంటే చురుకైనది, సగం కేసులు ఆమె ఆలోచనతోనే తేలతాయి. ఆలోచన ఆమె చెబుతుంది, మాక్స్ ఒక క్షణం ఆగి అదే మాట తనదన్నట్టు చెబుతాడు. ఆమె వెటకారంగా చూడొచ్చు, కళ్లు తిప్పొచ్చు. చేయదు. అతని వైపు ప్రేమగా, కొంచెం ఆందోళనగా చూస్తుంది. అతను నిజంగా ధైర్యవంతుడని ఆమెకి తెలుసు. తుపాకీ ముందు నిలబడాల్సి వస్తే మాక్స్ ఎప్పుడూ వెనకడుగు వేయడు, అది మనం మర్చిపోతాం. చీఫ్‌గా చేసిన ఎడ్వర్డ్ ప్లాట్ అంతకు ముందు సినిమాల్లో పోలీసు అధికారి, లాయర్ లాంటి గంభీరమైన పాత్రలు వేసినవాడు. ఇక్కడా అదే గంభీరంతో చేశాడు. తన సీన్ కామెడీ అని ఆయనకి ఎవరూ చెప్పలేదేమో అన్నట్టుంటుంది, అందుకే అంత బాగుంటుంది.

నా అనుభవంలో ఒక సంగతి. ఒక సీరియల్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాత్ర రాశాను. తను కాపలా కాస్తున్నది రాష్ట్రపతి భవన్ అన్నంత సీరియస్‌గా తీసుకునే మనిషి. పాలవాడిని కూడా ఆపి సంతకం పెట్టించుకుంటాడు. ఒక నటుడు ప్రతి డైలాగు తర్వాత కెమెరా వైపు చిన్న నవ్వు విసిరేవాడు, ‘నేనూ ఎగతాళి చేస్తున్నాలెండి’ అన్నట్టు. సీన్లు లేవలేదు. వేరే కారణాలతో ఆయన వెళ్లిపోయి నాటకాల నుంచి వచ్చిన ఇంకో ఆయన చేశారు. అవే డైలాగులు. ఆయన రిజిస్టర్‌లో పాలవాడి పేరు రాసుకుంటూ, స్పెల్లింగ్ సరిచూసుకుంటూ, రెండోసారి చదివి వినిపించి, పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. సెట్లో లైట్ బాయ్ నవ్వాపుకోలేక బయటికెళ్లాడు. పాలవాడుగా చేసిన కుర్రాడు కూడా ‘సరేనండీ’ అని మర్యాదగా సంతకం పెట్టడం ఇంకా పెద్ద బలమైంది. మూర్ఖుణ్ని చుట్టూ ఉన్నవాళ్లు గౌరవిస్తే ప్రేక్షకుడు అతని పక్షాన ఉండి నవ్వుతాడు. చుట్టూ ఉన్నవాళ్లు వెక్కిరిస్తే ప్రేక్షకుడికి నవ్వు రాదు, జాలేస్తుంది, లేదా చిరాకేస్తుంది.

దీనికి ఈ సిరీస్‌లో నాకు కనిపించే గొప్ప రుజువు హైమీ అనే రోబో. మొదటి సీజన్‌లోనే వస్తాడు, డిక్ గాటియర్ చేశాడు. కేయాస్ వాళ్లు తయారు చేసి మాక్స్ మీదికి పంపుతారు. ఏం చెప్తే అది అక్షరాలా చేస్తాడు, ఆ గందరగోళం మీద చాలా జోకులున్నాయి. కానీ చివరికి తనని తయారు చేసినవాళ్లకే అడ్డం తిరిగి మాక్స్‌ని కాపాడతాడు. కారణం, తనని మనిషిలా చూసింది మాక్స్ ఒక్కడే. ఒక స్పై కామెడీ మలుపు ఇంత మెత్తని కారణం మీద నిలబడటం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఈ సిరీస్ మీద నాకున్న అభిమానమంతా ఆ ఎపిసోడ్‌తో గట్టిపడింది.

కొన్ని హెచ్చరికలు కూడా చెప్పాలి. అన్నీ బాగుండవు. ఆసియా మూలాలున్న డిటెక్టివ్ హారీ హూ పాత్రని తెల్లజాతి నటుడికి మేకప్ వేసి చేయించారు. ఆసియా వాళ్ల ఉచ్చారణ మీద జోకులున్నాయి. ఆ ఎపిసోడ్లు రాసిన చెయ్యి ఎంత నేర్పుగా ఉన్నా చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుంది. మీ అబ్బాయితో కలిసి చూస్తే ఆ మాట అతనితో నేరుగా మాట్లాడండి. రెండోది, రికార్డు నవ్వులు. నాకూ నచ్చవు, కొన్నాళ్లకి చెవి వాటిని పక్కన పెట్టేస్తుంది. మూడోది, నాలుగో సీజన్‌లో మాక్స్, 99 పెళ్లి చేసుకుంటారు, ఐదో సీజన్‌లో కవలలు పుడతారు. అప్పటికి ఆఫీసు వెనక్కిపోయి సంసారం ముందుకొచ్చింది, ఊపు తగ్గింది. అంటే బ్రూక్స్ పైలట్ దశలో బయట ఆపిన ఇంటి వాతావరణం చివరికి లోపలికొచ్చేసింది.

ఇంకొక మాట, ఎందుకంటే చాలామంది ఇదే అడుగుతారు: ఇదే ఇష్టంతో కొత్తవి ఏవైనా చూడొచ్చా? చూడొచ్చు. 2007 నుంచి 2012 దాకా ఎన్‌బీసీలోనే వచ్చిన ‘చక్’ నాకు నచ్చుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి తలలోకి ప్రభుత్వ రహస్యాలన్నీ ఒక ఈమెయిల్ ద్వారా వచ్చి చేరతాయి. అక్కడా షాపు ఉద్యోగమే అసలు నవ్వు. రద్దవుతుందేమో అని 2009లో అభిమానులు స్పాన్సర్ చేసే సబ్‌వే షాపులకెళ్లి శాండ్‌విచ్‌లు కొని మద్దతు తెలిపారు, అంత ప్రేమ సంపాదించింది. తేడా ఏంటంటే చక్‌కి తన చేతకానితనం తెలుసు, దానికి టెన్షన్ పడతాడు. అందుకే అందులో ప్రేమకథకి చోటు ఎక్కువ, శుద్ధమైన నవ్వుకి చోటు తక్కువ. మాక్స్‌కి టెన్షన్ అంటే ఏమిటో తెలియదు.

ఇక మీరు ఎలా చూడాలంటే, వరసగా చూడకండి. ఈ పద్ధతిలో వెళ్లండి. ముందు పైలట్. దాంట్లో కోన్ ఆఫ్ సైలెన్స్ సీన్‌ని ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి చూడండి. మాటల్లేకుండానే ఎవరు ఎవరి మీద విసుక్కుంటున్నారో తెలిసిపోతుంది. తర్వాత పడవ మీద అబద్ధాల సీన్‌కి కళ్లు మూసుకుని వినండి. బొమ్మ లేకుండానే నవ్వొస్తుంది. ఒకటి పూర్తిగా ఒంటితో, ఒకటి పూర్తిగా గొంతుతో నడిచే సీన్లు. నేను కొత్త రైటర్లకి పెట్టే పరీక్ష ఇదే, మీ సీన్ ఈ రెంటిలో ఏ ఒక్క దానితోనైనా నిలబడుతుందా అని.

ఆ తర్వాత హైమీ మొదటిసారి వచ్చే ఎపిసోడ్, ‘బ్యాక్ టు ది ఓల్డ్ డ్రాయింగ్ బోర్డ్’. ఆపైన మొదటి సీజన్‌లోనే రెండు భాగాల ‘షిప్ ఆఫ్ స్పైస్’. బక్ హెన్రీ, లెనార్డ్ స్టెర్న్‌లకి రచనకి ఎమ్మీ తెచ్చింది అదే. రెండో సీజన్‌లో ‘ఎ స్పై ఫర్ ఎ స్పై’తో జీగ్‌ఫ్రీడ్‌ని పరిచయం చేసుకోండి. ఒక్కోటి దాదాపు 25 నిమిషాలే, కానీ రోజుకి ఒకటి మించి చూడకండి. వారానికొకటి చూసే జనం కోసం రాసినవి, ఒకే రాత్రి ఐదు చూస్తే అవే వరసలు ఇబ్బంది పెడతాయి. ఈ నాలుగూ అయ్యాక కూడా నవ్వు రాకపోతే మీకు ఈ సిరీస్ పడదని అనుకోవచ్చు, తప్పేం లేదు. వస్తే మాత్రం మిగతా రెండో సీజన్ మొత్తం చూడండి, నా లెక్కలో ఐదింటిలో అదే పైది.